బుగ్గలు మారిస్తే బిల్లు రెండొందల యూనిట్ల లోపు దిగుతుందా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా గట్టుప్పల్ దగ్గర ఊరు. రేకుల ఇల్లు, ఇంట్లోనే మగ్గం. ఎండాకాలం వచ్చిందంటే మీటర్ 215, 220 యూనిట్లు చూపిస్తోంది. 200 యూనిట్ల వరకు సర్కారు ఇచ్చే జీరో బిల్లు పోయి మొత్తం కట్టాల్సి వస్తోంది. మగ్గం మీద వంద వాట్ల పాత బుగ్గ ఉంది. వంటింట్లో, బాత్రూంలో అరవై వాట్లవి. రెండు గదుల్లో చోక్ ఉన్న ట్యూబ్‌లైట్లు, వాకిట్లో సీఎఫ్‌ఎల్. సంతలో నలభై రూపాయలకొకటి చొప్పున నాలుగు ఎల్‌ఈడీ బల్బులు తెచ్చి పెడితే మూడు నెలలు తిరక్కముందే మూడు పోయాయి. నాలుగోది స్విచ్ ఆపినా రాత్రంతా సన్నగా వెలుగుతూనే ఉంటుంది. మగ్గం కాడ ఆ తెల్ల వెలుగులో ఎరుపు నూలు, మెరూన్ నూలు ఒక్కతీరుగనే కనిపిస్తున్నాయని మా ఇంటాయన మళ్లీ పాత బుగ్గే పెట్టిండు. ఏం కొనాలి, ఎన్ని వాట్లవి కొనాలి? బుగ్గలు మార్చినంత మాత్రాన బిల్లు దిగుతుందా? — ఒక పాఠకురాలు

సమాధానం: దిగుతుంది. మీ ఇంట్లో అయితే గట్టిగానే దిగుతుంది. ముందు లెక్క చూద్దాం.

బల్బు వాట్లను రోజుకు వెలిగే గంటలతో, ఆపైన 30 రోజులతో గుణించి వెయ్యితో భాగిస్తే నెలకు ఎన్ని యూనిట్లు కాలుతుందో వస్తుంది. మగ్గం మీది వంద వాట్ల బుగ్గ తెల్లవారుజామున కొంత, పొద్దుగూకాక కొంత, మొత్తం 8 గంటలు వెలుగుతుందనుకుంటే అదొక్కటే 24 యూనిట్లు. పాత ట్యూబ్‌లైటు మీద 40 వాట్లు అని ఉన్నా చోక్ తినేది కలిపితే 50 దాకా అవుతుంది. పెద్దగదిలో 6 గంటలకు 9 యూనిట్లు, పడకగదిలో 4 గంటలకు 6 యూనిట్లు. వంటింటి బుగ్గ 4 గంటలకు 7.2, బాత్రూంలోది 2 గంటలకు 3.6. వాకిట్లో 15 వాట్ల సీఎఫ్‌ఎల్ రాత్రి 10 గంటలు వెలిగితే 4.5. అన్నీ కూడితే వెలుతురుకే నెలకు 54 యూనిట్లు పోతున్నాయి. మీ గంటలు వేరేగా ఉంటే ఆ అంకెలు పెట్టి మళ్లీ వేసుకోండి.

వీటి చోట సరైన ఎల్‌ఈడీలు పెడితే ఇదే వెలుతురు 16 యూనిట్లలో వస్తుంది. నెలకు 38 యూనిట్లు మిగులుతాయి. 220 వచ్చిన నెల 182కి దిగుతుంది, తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు నిలబడుతుంది. ఈ పథకంలో 200 దాటితే, దాటిన ఆ పదిహేను ఇరవై యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాల్సిందే. పైగా 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన శ్లాబుల ప్రకారం 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసలు, ఆ పైన మూడొందల వరకు 7 రూపాయల 70 పైసలు. 215 యూనిట్లు కాలితే ఒక్క కరెంటు చార్జీయే 1,135 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం వేరు. మంచి కంపెనీ ఎల్‌ఈడీలు ఇల్లంతటికీ పెట్టుకున్నా ఖర్చు ఇంచుమించు ఇంతే అవుతుంది. జీరో బిల్లు పోయిన ఒక్క నెలలో మీరు కట్టింది మీ ఇంటి లైట్లన్నిటి ధరతో సమానమన్నమాట. అందుకే ఈ పని ఎండాకాలానికి ముందే, ఫిబ్రవరి లోపు చేసుకోండి.

ఇక కొనడం. షాపులో "తొమ్మిది వాట్లది ఇవ్వండి" అని అడిగే అలవాటు మానాలి. వాట్లు చెప్పేది కరెంటు ఎంత తింటుందో. వెలుతురు ఎంత ఇస్తుందో చెప్పేది ల్యూమెన్లు. పాత అరవై వాట్ల బుగ్గ ఇచ్చేది దాదాపు 700 ల్యూమెన్లు, వంద వాట్లది 1,300 పైచిలుకు. అట్ట డబ్బా మీద ల్యూమెన్లను వాట్లతో భాగించి చూడండి. వాటుకు 100 లేదా అంతకంటే ఎక్కువ వస్తే మంచి సరుకు. 9 వాట్లకు 900 ల్యూమెన్లు ఉంటే అది అరవై వాట్ల బుగ్గ కంటే ఎక్కువే వెలుగుతుంది. వాటుకు 70, 80 దగ్గర ఆగేదైతే వద్దు. ల్యూమెన్లు అసలు రాయని డబ్బా అయితే ధర కూడా అడగకుండా పక్కన పెట్టేయండి. సంతలో గోనె పట్టా మీద పోసి అమ్మేవాటిలో చాలావాటికి ఆ అంకె ఉండదు.

ల్యూమెన్ల తర్వాత చూడాల్సినవి రెండు ముద్రలు. ఒకటి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని వెంబడి ఐఎస్ 16102 అనే నంబరు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు. రెండోది బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ) వాళ్ల నక్షత్రాల లేబుల్. ఎల్‌ఈడీ బల్బులకు ఇది 2018 జనవరి నుంచి తప్పనిసరి. ఈ రెండూ లేకుండా అమ్ముతున్నారంటే లోపలి సరుకును ఎవరూ పరీక్షించలేదని అర్థం. వోల్టేజీ వరుస కూడా చదవండి. "220–240" అని మాత్రమే రాసి ఉన్నదాని కన్నా "100–300" అని ఉన్నది మీ ఊరికి మేలు. బోరు మోటార్లు అన్నీ ఒక్కసారి ఎత్తుకున్నప్పుడు వోల్టేజీ పడిపోయే లైన్లలో, లోపల సరైన డ్రైవర్ (ఎల్‌ఈడీకి తగినట్టు కరెంటును మార్చి ఇచ్చే సర్క్యూట్) ఉన్న బల్బు వెలుగు తగ్గకుండా నిలబడుతుంది. చవకది మసకబారుతుంది, లేదా టపటపా కొట్టుకుంటుంది.

షాపులో వెలిగించి చూపించమని ఫోన్ కెమెరాను బల్బు దగ్గరగా పెట్టండి. తెర మీద నల్లటి పట్టీలు కదులుతుంటే ఆ బల్బు కంటికి తెలియకుండా రెపరెపలాడుతోందని గుర్తు. నూలు పోగుల మీద గంటల తరబడి చూపు నిలిపే మీ ఇంట్లో అటువంటిది పనికిరాదు. తలనొప్పి, కళ్లు లాగడం అందుకే వస్తాయి. కొన్నాక బిల్లు తీసుకుని, బల్బు మెడ మీద మార్కర్ పెన్నుతో తేదీ రాయండి. ఏడాదో రెండేళ్లో వారంటీ ఉంటుంది. బిల్లు ఉంటే షాపులోనే మార్చి ఇస్తారు, లేకపోతే ఆ వారంటీ ఉత్త మాటే.

మీ మూడు బల్బులు ఎందుకు పోయాయో ఇప్పుడు చూద్దాం. పోయిన బల్బు తెల్ల మూతను తిప్పి తీస్తే లోపల గుండ్రటి రేకు మీద బియ్యపు గింజ కంటే కాస్త పెద్దవిగా పసుపు చదరాలు వరుసగా కనిపిస్తాయి. వాటిలో ఒకదాని మీద ఆవగింజంత నల్ల చుక్క ఉంటే చూడండి. కాలింది అదొక్కటే. కానీ అన్నీ ఒకే గొలుసులో ఉంటాయి కాబట్టి ఒకటి తెగగానే మొత్తం ఆరిపోతుంది. ఆ చుక్క ఉన్నదాన్ని సోల్డరింగ్‌తో కలిపి మళ్లీ వెలిగించేవాళ్లు ఉన్నారు. మీరు మాత్రం చేయించవద్దు. మిగిలిన చదరాల మీద భారం పెరిగి కొద్ది రోజుల్లో ఇంకోటి పోతుంది. పైగా చవక బల్బుల్లో లోపలి రేకు నేరుగా 230 వోల్టుల లైనుకే తగిలి ఉంటుంది, మూత తీసిన బల్బును హోల్డర్‌లో పెట్టి వెలిగిస్తే షాక్ కొడుతుంది. చుక్క ఏదీ లేకపోతే చాలావరకు పోయింది డ్రైవర్‌లోని కెపాసిటర్ అనే చిన్న భాగం. ఈ రెండు చావులకూ మూలం వేడే. కెపాసిటర్ చుట్టూ వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. మన జిల్లాలో మే నెలలో బయటే 44, 45 డిగ్రీలు. రేకుల కింద, కప్పుకు ఆనుకుని ఉన్న హోల్డర్ దగ్గర అంతకంటే ఎక్కువ. దాని మీద గాజు డోమ్ బిగిస్తే వేడి పోయే దారి కూడా మూసుకుపోతుంది. కాబట్టి రేకుకు తాకించకుండా బల్బును కనీసం ఒక అడుగు కిందికి దించి వేలాడదీయండి, డోమ్‌లు తీసేయండి.

అయితే మూడు నెలల్లో మూడు పోయాయంటే సరుకు ఒక్కదాన్నే తప్పుపట్టలేం. కొత్తవి పెట్టేముందు హోల్డర్లు చూడాలి. మెయిన్ ఆపి పాత బుగ్గ తీసి హోల్డర్ లోపల చూడండి. ఏళ్ల తరబడి అరవై, వంద వాట్ల వేడికి బేకలైట్ పెళుసెక్కి, లోపలి రెండు స్ప్రింగు పిన్నులు సత్తువ తప్పి ఉంటాయి. పిన్ను మీద నల్ల మసి కనిపిస్తే అక్కడ నిప్పురవ్వలు కొడుతున్నాయని అర్థం. పాత బుగ్గ ఆ రవ్వలను తట్టుకుంటుంది, ఎల్‌ఈడీ డ్రైవర్ తట్టుకోదు. హోల్డర్ ముప్పై నలభై రూపాయలకే వస్తుంది. మసి పట్టినవన్నీ మార్పించేయండి.

ఇంకోటి న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు. ఇది ప్రమాదకరమైనది, కాస్త నిదానంగా చదవండి. పక్కింట్లో ఫ్రిజ్ ఎత్తుకున్నప్పుడల్లా మీ ఇంట్లో లైట్లు ఒక్కసారిగా మామూలుకన్నా ఎక్కువ మెరిసి మళ్లీ దిగుతున్నాయా? పక్కింట్లో మసకబారినప్పుడు మీ ఇంట్లో వెలుగు పెరుగుతోందా? అలా అయితే స్తంభం దగ్గరో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో న్యూట్రల్ వైరు వదులైంది. అది పూర్తిగా తెగితే రెండు ఫేజుల (కరెంటు తెచ్చే వైర్ల) మధ్య ఉండే 400 వోల్టుల వైపు మీ ఇంటి వోల్టేజీ ఎగబాకుతుంది. బల్బులే కాదు, టీవీ, ఫ్రిజ్, ఫోన్ చార్జర్లు అన్నీ ఒకేసారి పోతాయి. వెలుగు అసహజంగా పెరిగినట్టు అనిపించిన క్షణమే మెయిన్ దించి 1912కు ఫోన్ చేయండి, లైన్‌మన్‌కూ చెప్పండి. ఇది సరిచేయనిదే ఎంత ఖరీదైన బల్బు తెచ్చినా నిలవదు.

స్విచ్ ఆపినా వెలుగుతున్న నాలుగో బల్బు సంగతి. రెండు కారణాల్లో ఒకటి అయి ఉండాలి. స్విచ్ మీద చిన్న ఎర్ర ఇండికేటర్ ఉంటే దాని గుండా పోయే ఆ కాస్త కరెంటే ఎల్‌ఈడీని మిణుకుమనిపిస్తుంది. అలాంటిదైతే మామూలు స్విచ్ పెట్టించుకుంటే పోతుంది. ఇండికేటర్ లేకపోతే మీ వైరింగ్‌లో స్విచ్ ఫేజ్ మీద కాకుండా న్యూట్రల్ మీద పడి ఉండొచ్చు. పాత ఇళ్లలో ఇది మామూలే. స్విచ్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను హోల్డర్ పిన్నులకు టెస్టర్ పెట్టి చూడమనండి. టెస్టర్ వెలిగితే అదే. కరెంటు ఖర్చు పరంగా ఇది లెక్కలోకి వచ్చేది కాదు. కానీ స్విచ్ ఆపాం కదా అని ధీమాగా హోల్డర్‌లో చెయ్యి పెడితే ప్రాణం మీదికి వస్తుంది. బోర్డులో వైర్లు అటుదిటు మార్చే పని గంటలోపే అయిపోతుంది. ఆ పని అయ్యేదాకా ఏ బల్బు మార్చినా మెయిన్ ఆపే మార్చండి.

ఇప్పుడు మగ్గం. మీ ఇంటాయన ఎల్‌ఈడీని తీసేయడంలో తప్పేమీ లేదు. ఆ బల్బే తప్పుడుది. రంగులను ఉన్నదున్నట్టు చూపించే గుణానికి సీఆర్‌ఐ అని ఒక అంకె ఉంటుంది. సూర్యకాంతికి, పాత బుగ్గకు అది 100 దగ్గర. పేరున్న ఎల్‌ఈడీలకు 80 పైన. సంత సరుకుకు 70 లోపే ఉండొచ్చు, డబ్బా మీద ఎక్కడా రాయరు. ఈ అంకె తక్కువైతే ముందు దెబ్బతినేది ఎరుపే. ఎరుపు, మెరూన్, గోధుమ రంగులు కలిసిపోతాయి, నలుపు పక్కన ముదురు నీలం తెలియదు. చీర కట్ చేసి ఎండలో పరిచాక పేక (అడ్డం నూలు) రంగు మారిన చోటు గీత గీసినట్టు బయటపడుతుంది. అప్పటికి చేసేదేమీ ఉండదు.

కాబట్టి మగ్గం గదిలో రెండు లైట్లు పెట్టండి. ఒకటి 20 వాట్ల, 2,000 ల్యూమెన్ల ఎల్‌ఈడీ బ్యాటెన్. ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్ అని అడిగినా ఇస్తారు. దీన్ని మగ్గం వెడల్పుకు సమాంతరంగా, నేసే మనిషి తలకు కొంచెం ముందువైపు, బట్టకు నాలుగైదు అడుగుల ఎత్తున కట్టాలి. తల వెనక కడితే మనిషి నీడే పడుగు (నిలువు నూలు) మీద పడుతుంది. ఒక్క బల్బు నేరుగా పైన ఉంటే పేక నూలును అటూ ఇటూ తీసుకెళ్లే నాడె కదిలే చోట చేతి నీడ అడ్డం వస్తుంది. పొడుగాటి బ్యాటెన్‌తో ఆ గట్టి నీడలు ఉండవు. రెండోది 9 వాట్ల బల్బు, దీనికి మాత్రం సీఆర్‌ఐ 90 అని రాసి ఉన్నదే కావాలి. చిన్న షేడ్ పెట్టి, ఎడమవైపు నుంచి నేత పడుతున్న చోటి మీదికి వంచండి. రెండూ 4,000 కెల్విన్ రంగువి తీసుకోండి. 6,500 నీలిఛాయ తెలుపు, 2,700 పసుపు. పసుపు వెలుగులో తెల్లనూలు, మీగడ రంగు నూలు కలిసిపోతాయి. మీ ఊళ్లో సీఆర్‌ఐ 90ది దొరకకపోతే నల్లగొండలోని పెద్ద ఎలక్ట్రికల్ షాపుల్లో అడగండి, హైదరాబాద్ వెళ్లే పనుంటే కోఠి పక్కన ట్రూప్ బజార్‌లో దొరుకుతుంది. ధర మామూలుదాని కంటే ఎక్కువే, అయినా ఒక్క చీర వెనక్కి వస్తే పోయేదానితో పోల్చేది కాదు. ఇది పెట్టాక కూడా కొత్త లడీ (నూలు చుట్ట) విప్పినప్పుడు రంగు జోడీ మాత్రం పగటి వెలుతురులోనే చూసుకోండి. ఒక దీపం కింద ఒక్కటిగా కనిపించిన రెండు ఎరుపులు ఎండలో వేరుపడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

మగ్గం గదిలో దుమ్ము వేరే రకం. నూలు పీచు బల్బు మెడ మీద దూదిలా పేరుకుంటుంది. వేడి బయటికి పోవాల్సిన చోటే అది కప్పేస్తుంది కాబట్టి బల్బు తొందరగా పోతుంది. వారానికోసారి స్విచ్ ఆపి, చల్లారాక పొడి గుడ్డతో తుడవండి. పాత వంద వాట్ల బుగ్గ విషయంలో ఇంకా పెద్ద భయం ఉంది. అది తినే కరెంటులో నూటికి తొంభై పాళ్లకు పైగా వేడే, గాజు మీద చెయ్యి ఆనించలేం. పీచు పట్టిన అటువంటి బుగ్గను పడుగు మీద వేలాడదీయడం నిప్పుతో చెలగాటం. ఒక్క బుగ్గ కొనే డబ్బులే ఉంటే ముందు దీన్నే మార్చండి.

మిగతా గదులు తేలిక. పెద్దగదికి, పడకగదికి ఒక్కో 20 వాట్ల బ్యాటెన్. పాత ట్యూబ్ పట్టీలోనే ఎల్‌ఈడీ ట్యూబ్ దూర్చమని కొందరు చెబుతారు. అలా చేస్తే చోక్, స్టార్టర్ తప్పించి వైరింగ్ మార్చాలి, ట్యూబును బట్టి ఆ మార్పు వేరేవేరేగా ఉంటుంది. పట్టీతో సహా తీసేసి బ్యాటెన్ బిగించడమే సులువు. వంటింట్లో 10 వాట్ల బల్బు, గది నడుమ కాకుండా పొయ్యి గట్టుకు పైన. నడుమ ఉంటే కూర తరిగే చోట మీ నీడే పడుతుంది. పోపు పొగ, నూనె జిడ్డు తగలకుండా పొయ్యికి నేరుగా పైన కాక కాస్త పక్కకు జరపండి. బాత్రూంకు 5 వాట్లు చాలు.

వాకిట్లో రాత్రంతా వెలిగేదానికి 5 వాట్లు, అది పసుపు రంగుదే పెట్టండి. వానలు పడ్డాక ఉసిళ్లు, వరి పొలాల పురుగులు తెల్ల నీలిఛాయ వెలుగుకు ముసురుకుంటాయి. పసుపు వెలుగుకు చాలా తక్కువగా వస్తాయి, వాటి వెంబడి వచ్చే బల్లులూ కప్పలూ తగ్గుతాయి.

తీసేసిన సీఎఫ్‌ఎల్‌ను చెత్తబండిలో పగలగొట్టి వేయకండి, లోపల కొద్దిపాటి పాదరసం ఉంటుంది. అట్టపెట్టెలో పెట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. చేతిలో పగిలితే తలుపులు కిటికీలు తెరిచి పావుగంట బయట ఉండండి. చీపురుతో ఊడిస్తే పాదరసం గదంతా చెదురుతుంది. గట్టి అట్టముక్కతో ఎత్తి, మిగిలిన పొడిని టేపుతో అద్ది, మూత ఉన్న డబ్బాలో వేయాలి.

ప్లగ్గులో పెడితే సగం బిల్లు తగ్గుతుందని ఊళ్లలో అమ్మే "పవర్ సేవర్" డబ్బా ఎవరైనా తెస్తే తీసుకోకండి. ఇంటి బిల్లు కిలోవాట్ అవర్ల మీదే వస్తుంది, ఆ డబ్బా దాన్ని ఒక్క పాయింటు కూడా తగ్గించలేదు. లైట్ల తర్వాత నిజంగా డబ్బు పెట్టాల్సింది ఫ్యాన్ మీద. పాత ఫ్యాన్ 75 వాట్లు, రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 34 యూనిట్లు. తక్కువ కరెంటు తినే మోటారు ఉండే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ 14లోపే ముగిస్తుంది. ఫ్యాన్ ధర ఎక్కువ, అందుకే ముందు లైట్లు, వీలున్నప్పుడు ఎక్కువసేపు తిరిగే ఫ్యాన్ ఒక్కటి.

అన్నీ బిగించాక మీటర్ దగ్గర ఒక పరీక్ష చేయండి. ఇంట్లో అన్ని స్విచ్‌లూ ఆపి, ఫ్రిజ్, టీవీ ప్లగ్గులు కూడా తీసి, మీటర్ మీద మినుకుమనే ఎర్ర లైటును అయిదు నిమిషాలు చూడండి. కొట్టకూడదు. కొడుతుంటే వైరింగ్‌లో ఎక్కడో కరెంటు కారుతోంది, ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. కొట్టకపోతే మగ్గం గది లైట్లు రెండే వేయండి. మీటర్ పలక మీద యూనిట్‌కు ఇన్ని మినుకులు అని ఒక అంకె ఉంటుంది. అది 3,200 అయితే వంద వాట్ల బుగ్గకు నిమిషానికి అయిదు సార్లకు పైగా కొట్టేది, ఈ రెండు లైట్ల 29 వాట్లకు రెండు నిమిషాలకు మూడు సార్లు కొడుతుంది. అంతకంటే గట్టిగా ఎక్కువ కొడితే డబ్బా మీద రాసిన వాట్లు నిజం కాదు. తేదీ రాసిన ఆ బల్బును, బిల్లును పట్టుకుని షాపుకు వెళ్లండి.